కుక్కను రానిచ్చే చోట్లు చూపే యాప్ ఎలా డిజైన్ చేయాలి? గేటు దగ్గర మొదలుపెట్టండి

మా గోలీ ఊరకుక్క. పిల్లగా ఉన్నప్పుడు మా వీధి చివర వాననీళ్ల కాలువ పక్కన దొరికింది, ఇప్పుడు 22 కిలోలు. ఓ ఆదివారం దాన్ని వెంటబెట్టుకుని మాదాపూర్‌లో ఒక కెఫేకి వెళ్లాం. ఫోన్‌లో ఆ కెఫే పేరు పక్కన పంజా గుర్తు ఉంది, ‘డాగ్స్ అలౌడ్’ అని కూడా ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన గోలీని పైనుంచి కిందిదాకా చూసి, "చిన్నవాటికే సార్, ఇట్లాంటివాటికి లేదు" అన్నాడు. లోపల షిట్‌జూ అనే బుల్లి జాతి కుక్క ఒకటి కుర్చీ ఎక్కి కూర్చుని ఉంది. మమ్మల్ని దింపిన ఆటో అప్పటికే వెళ్లిపోయింది. కుక్కను ఎక్కించుకోవడానికి ఒప్పుకునే ఇంకో ఆటో దొరికేసరికి నలభై నిమిషాలు పట్టింది.

ఇలాంటి యాప్ చేద్దామనుకునేవాళ్లు చాలామంది మ్యాప్ మీద పిన్నులు గుచ్చడంతో మొదలుపెడతారు. అది తేలిక పని. ఇంట్లో బయల్దేరకముందే, గేటు దగ్గర ఏమంటారో చెప్పగలగడమే అసలు పని. ఇక్కడ రాసేదంతా దాని గురించే. హైదరాబాద్‌ను, అందులోనూ కొండాపూర్, గచ్చిబౌలి, మాదాపూర్ వైపును ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే గోలీతో నేను తిరిగింది, ఇలాంటి యాప్ మొదలుపెట్టింది అక్కడే.

ముందు పొద్దున్నే ఆరింటికి లేవండి

స్క్రీన్లు గీసే ఫిగ్మా లాంటి సాఫ్ట్‌వేర్ అప్పుడే తెరవకండి. కుక్కల్ని వాకింగ్‌కి తెచ్చేవాళ్లు ఎక్కడ చేరతారో అక్కడికి వెళ్లండి. కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో సుమారు 1.3 ఎకరాల్లో కుక్కల కోసమే ఒక పార్కు తెరిచింది. అంతకుముందు అది చెత్త పోసే స్థలం. అలాంటి పార్కు మీ దగ్గర లేకపోతే చెరువు గట్టో, కాలనీ రోడ్డో, టీ బండో ఏదో ఒకటి ఉంటుంది. ఓ పదిమందితో మాట్లాడితే చాలు.

"ఇలాంటి యాప్ ఉంటే వాడతారా?" అని మాత్రం అడగకండి. మనవాళ్లు మొహమాటానికి "తప్పకుండా వాడతాం, మంచి ఐడియా" అంటారు, ఇంటికెళ్లి మర్చిపోతారు. జరిగిపోయినదాని గురించి అడగండి. కిందటిసారి కుక్కను ఎక్కడికి తీసుకెళ్లారు? అక్కడికి వెళ్లొచ్చని ఎలా తెలిసింది? ఎప్పుడైనా వెనక్కి పంపేశారా? అప్పుడేం చేశారు? కుక్క ఉందని మానుకున్న ప్రయాణం ఏదైనా ఉందా?

నాకు ఎక్కువగా వచ్చిన జవాబులు మూడు. ఫ్రెండ్ చెబితే వెళ్లామన్నారు కొందరు. ఇన్‌స్టాలో ఎవరో కుక్కతో దిగిన ఫొటో చూసి వెళ్లామన్నారు ఇంకొందరు. మిగతావాళ్లు ఒకసారి అవమానం జరిగాక ఇక ఎక్కడికీ తీసుకెళ్లడం లేదన్నారు. యాప్ ముఖ్యంగా ఈ మూడోరకం వాళ్ల కోసం. వాళ్లకు వంద చోట్ల జాబితా అక్కర్లేదు. నమ్మకంగా వెళ్లగలిగే నాలుగైదు చోట్లు దొరికితే అదే పదివేలు.

మాట్లాడేటప్పుడు వాళ్ల చేతులు కూడా గమనించండి. ఒక చేతికి బెల్టు చుట్టి ఉంటుంది, కుక్క ఆ చేతిని ఎప్పుడు ఏ పిల్లి వెనకాల లాగేస్తుందో తెలియదు. ఫోన్ రెండో చేతిలో, ఒక్క బొటనవేలి కింద ఉంటుంది. స్క్రీన్లు గీసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోవాలి.

‘అలౌడ్’ అనే మాటను విడగొట్టండి

మొత్తం డిజైన్‌లో ఎక్కువ సమయం పెట్టాల్సిన అడుగు ఇదే. గూగుల్ మ్యాప్‌లోని చోట్ల సమాచారాన్ని వేరే యాప్‌లకు ఇచ్చే సేవ గూగుల్ ప్లేసెస్ ఏపీఐ. అందులో ‘అలౌస్ డాగ్స్’ అని ఒక ఫీల్డ్ (సమాచారం నింపే గడి) ఉంది. అవును, కాదు, అంతే. జనమే కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కొంచెం నయం. అక్కడ కుక్కల ట్యాగ్‌కి అవును, కాదుతో పాటు ‘బెల్టుతో అయితే సరే’ అనే విలువ కూడా ఇవ్వొచ్చు. మన గేట్ల దగ్గర పరిస్థితి ఈ రెండింటికీ అందదు. నేను చివరికి పెట్టుకున్న ప్రశ్నలు ఇవి:

లోపలికా, బయట బల్లల దగ్గరికేనా? లోపలికి అంటే ఏసీ హాల్లోకి కూడానా? పెద్ద కుక్కనైనా రానిస్తారా? ఊరకుక్కను రానిస్తారా? (ఈ ప్రశ్న విడిగా ఉండాల్సిందే. బెల్టు వేసుకుని, టీకాలన్నీ వేయించుకుని వచ్చినా దేశీదాన్ని చూడగానే "వీధికుక్కను తెచ్చారేంటి" అనేవాళ్లున్నారు.) ఏ రోజు, ఏ వేళ వద్దంటారు? విడిగా డబ్బులు తీసుకుంటారా? టీకా పుస్తకం అడుగుతారా? ఇంకో కుక్క లోపల ఉంటే మనదాన్ని ఆపుతారా? నీళ్లు ఇస్తారా? నేల రాయా, టైల్సా, పచ్చికా, ప్లాస్టిక్ పచ్చికా? నీడ ఉందా? పార్కింగ్ నుంచి గేటు దాకా వీధికుక్కలు ఉన్నాయా?

చివరి ప్రశ్న బయటి దేశాల యాప్‌లలో కనపడదు, మనకు మాత్రం అన్నిటికంటే ముందు కావాలి. పార్కింగ్ నుంచి గేటు దాకా ఉన్న యాభై అడుగుల్లో ఆ వీధిని తమదనుకునే నాలుగు కుక్కలు చుట్టుముడితే, లోపల ఎంత మర్యాద చేసినా ఆ సాయంత్రం పాడైనట్టే. మెట్రోలో పెంపుడు జంతువుల్ని రానివ్వరు కాబట్టి, మనం వచ్చేది కారులోనో, బతిమాలుకున్న ఆటోలోనో. అందుకే బండి ఎక్కడ ఆపుకోవచ్చో కూడా రాయాలి.

ఇన్ని ప్రశ్నలూ ఫీల్డులుగా పెట్టుకోండి, కానీ అన్నీ స్క్రీన్ మీద కుమ్మరించకండి. చదివేవాళ్లకు కనపడే కార్డు ఇలా ఉంటే చాలు:

బయట బల్లల దగ్గర కూర్చోవచ్చు. ఏసీ హాల్లోకి వద్దు.
పెద్దవి, దేశీవి రావచ్చు. బెల్టు తీయకూడదు.
శని, ఆదివారాల్లో సాయంత్రం 6 తర్వాత రానివ్వరు.
అడిగితే గిన్నెలో నీళ్లిస్తారు.
పక్క సందులో వీధికుక్కలున్నాయి, కారు గేటు దాకా తెచ్చుకోండి.
12 రోజుల కిందట బీగల్‌తో వెళ్లినవాళ్లు చెప్పింది.

పైన పేరు, ఫొటో, దూరం. ఐదు చుక్కల రేటింగ్ పెట్టకండి. కాఫీ బాగుందని ఐదు చుక్కలిచ్చారో, కుక్కను బాగా చూశారని ఇచ్చారో ఎవరికీ తెలియదు.

ఒక్క పేటలో నలభై చోట్లు, ఫోన్‌లో అడిగి

నగరమంతా ఒకేసారి వద్దు. సగం ఖాళీగా ఉన్న మ్యాప్‌ను మొదటిసారి తెరిచినవాళ్లు మళ్లీ తెరవరు. కొండాపూర్ నుంచి మాదాపూర్ దాకా నలభై చోట్లు పట్టుకోండి. కెఫేలు, బయట కూర్చునే రెస్టారెంట్లు, పార్కులు, పెట్ షాపులు, పశువుల డాక్టర్లు. రాత్రి బస ఇచ్చే ఫామ్‌హౌస్‌లు తర్వాత చూద్దాం, అవి వేరే లోకం.

నలభైకీ ఫోన్ చేయాలి. విసుగు పుట్టే పనే, అయినా ఎవరికీ అప్పగించకండి. ఫీల్డులు ఎక్కడ తప్పుతున్నాయో ఆ ఫోన్లలోనే తెలుస్తుంది. ఒక సంభాషణ ఎలా నడుస్తుందో చూడండి.

"నమస్తే అండీ, మాకు కుక్క ఉంది, తీసుకురావచ్చా?"

"ఆ, రావచ్చు సార్. మాది పెట్ ఫ్రెండ్లీ సార్."

చాలామంది ఇక్కడ ఫోన్ పెట్టేసి ‘అవును’ అని రాసుకుంటారు. మీరు పెట్టేయకండి.

"ల్యాబ్రడార్ అంత ఉంటుందండీ. దేశీది."

కాసేపు నిశ్శబ్దం. "ఒక్క నిమిషం సార్, మేనేజర్ గారిని అడిగి చెప్తా."

లైన్లో పాటేదో మోగుతుంది. మేనేజర్ వస్తాడు. "బయట అయితే ఓకే సార్. వీకెండ్ ఈవినింగ్ మాత్రం పిల్లలు ఎక్కువ వస్తారు, అప్పుడు ఇబ్బంది."

"గేటు దగ్గర సెక్యూరిటీ ఆపరు కదా?"

"ఆపరు సార్. ఆపితే నా పేరు చెప్పండి."

ఆ చివరి మాట విన్నారు కదా! ఆపుతారని ఆయనకు తెలుసు. ఒక్కో చోట కనీసం ముగ్గురుంటారు: ఫోన్ ఎత్తే అమ్మాయి, మేనేజర్, గార్డు. ముగ్గురూ మూడు మాటలు చెబుతారు. గార్డు మాటే చెల్లుతుంది. ఏజెన్సీ మారితే గార్డు మారతాడు, కొత్తాయనకు ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. కుక్కను లోపలికి వదిలి ఏదైనా గొడవైతే మేనేజర్‌ను ఎవరూ ఏమీ అనరు, ఉద్యోగం పోయేది గార్డుది. అందుకే ‘లేదు’ అనడమే ఆయనకు క్షేమం. గార్డును విలన్‌గా చూసి డిజైన్ చేస్తే యాప్ అక్కడే ఓడిపోతుంది.

కాబట్టి ప్రతి చోటికీ రెండు విడి గడులు పెట్టుకోండి: ‘మేనేజర్ చెప్పింది’, ‘గేటు దగ్గర జరిగింది’. మొదటిది ఫోన్‌లో తెలుస్తుంది. రెండోది కుక్కతో వెళ్తేనే తెలుస్తుంది. రెండూ కలిసిన చోటును మాత్రమే ‘నిర్ధారణ అయింది’ అని చూపించండి. మొదటి నెలలో నలభైలో పదిహేనే మిగిలినా కంగారు పడకండి.

కొన్నిచోట్ల అడగాల్సిన పనే లేదు. కేబీఆర్ పార్కు జాతీయ ఉద్యానవనం, కుక్కల్ని తీసుకెళ్లకూడదు. అలాంటివాటిని జాబితా నుంచి తీసేయకుండా ‘వద్దు’ అని స్పష్టంగా ఉంచండి. ‘వద్దు’ అన్న సమాచారం కూడా పెట్రోలు ఆదా చేస్తుంది. ఇంకో మాట: 2015లో కేంద్ర జంతు సంక్షేమ బోర్డు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అపార్ట్‌మెంట్ సంఘాలు కుక్కల పెంపకాన్ని నిషేధించలేవు. అది మనం ఉండే ఇంటి సంగతి. ప్రైవేటు కెఫేకి వెళ్లి ఆ కాగితం చూపించి పోట్లాడితే లాభం లేదు. యాప్‌లో ఈ రెండింటినీ కలిపేయకండి.

మ్యాప్ ఎవరిది వాడాలి?

రెండు దారులు. గూగుల్ మ్యాప్ మనవాళ్లకు అలవాటు, దారి చూపడంలో తిరుగులేదు. కానీ వాళ్ల డేటాను మీ దగ్గర దాచుకోవడానికి షరతులున్నాయి. ప్లేస్ ఐడీని (ఒక్కో చోటికి గూగుల్ ఇచ్చే గుర్తింపు కోడ్) ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు, అక్షాంశ రేఖాంశాలను 30 రోజులకు మించి దాచకూడదు, మిగతాది ఎప్పటికప్పుడు వాళ్లనే అడిగి తెచ్చుకోవాలి. వాడకం పెరిగేకొద్దీ బిల్లు కూడా పెరుగుతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాను దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అయితే వాళ్ల పేరు స్క్రీన్ మీద కనపడేలా వేయాలి. దాని మీద కట్టిన డేటాబేస్‌ను బయటపెడితే అదే లైసెన్సు కింద ఇవ్వాల్సి రావచ్చు.

నా సలహా: స్క్రీన్ మీద మ్యాప్‌కు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడండి. కుక్కల సమాచారమంతా మీరు అడిగి తెచ్చింది కాబట్టి దాన్ని మీ సొంత పట్టికలో విడిగా ఉంచండి. ‘దారి చూపించు’ నొక్కితే ఫోన్‌లో ఉన్న గూగుల్ మ్యాప్స్ తెరుచుకోవాలి. నావిగేషన్ మీరే కట్టాలని చూడకండి, ఆరు నెలలు అందులోనే పోతాయి.

స్క్రీన్లు మూడు చాలు

మొదటిది జాబితా. అవును, మ్యాప్ కాదు. అందరూ మ్యాప్ ముందు పెడతారు, చూడ్డానికి బాగుంటుంది కూడా. కానీ ఒక చేతిలో కుక్కను పట్టుకుని, ఎండలో కళ్లు చిట్లించుకుంటూ, రెండు వేళ్లతో మ్యాప్‌ను సాగదీయడం ఒకసారి మీరే ప్రయత్నించి చూడండి. జాబితా అయితే బొటనవేలితో కిందికి జరిపేయొచ్చు. పైన ఒకటే ప్రశ్న ఉండాలి: ‘ఇప్పుడు వెళ్తే రానిస్తారా?’ కుక్క ఎంత పెద్దదో, ఏ రకమో మొదటిరోజే అడిగి పెట్టుకుంటే, ఇప్పటి టైమును బట్టి యాప్ తానే వడపోసి చూపిస్తుంది. గోలీతో శనివారం రాత్రి ఏడింటికి తెరిస్తే ఆ బీగల్ వాళ్లు వెళ్లిన కెఫే జాబితాలో కిందికి పోవాలి.

రెండోది కార్డు, పైన చూపించాను. మూడోది మ్యాప్, కావాలనుకున్నవాళ్లకు.

ముఖ్యమైన బటన్లన్నీ స్క్రీన్ కింది సగంలో పెట్టండి, బొటనవేలు అందేచోట. బటన్‌కు ఆండ్రాయిడ్ సలహా ఇచ్చే కనీస సైజు 48 డీపీ, ఐఫోన్‌లో 44 పాయింట్లు (రెండూ స్క్రీన్ కొలతలే). మీరు ఇంకాస్త పెద్దవే పెట్టండి, కుక్క లాగుతున్నప్పుడు వేలు గురి తప్పుతుంది. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్టు (వెలుగు తేడా) కనీసం 4.5కి 1 ఉండాలి. ఆకుపచ్చ, ఎరుపు రంగుల మీదే ఆధారపడితే రంగులు సరిగా పోల్చలేనివాళ్లకు రెండూ ఒకలాగే కనపడతాయి. పక్కన మాట కూడా రాయండి.

ఇప్పుడు తెలుగు సంగతి. ఇంగ్లిష్ కోసం తయారైన డిజైన్‌లో తెలుగు పోస్తే ముందు దెబ్బతినేవి ఒత్తులు. నా మొదటి డిజైన్‌లో ఆకుపచ్చ బటన్ మీద ‘వెళ్లొచ్చు’ అని రాశాను. లైన్ ఎత్తు అక్షరం సైజుకు 1.2 రెట్లు ఉంది, ఇంగ్లిష్‌కి అది సరిపోతుంది. ఫోన్‌లో తెరిస్తే కింద ల ఒత్తూ చ ఒత్తూ తెగిపోయి ‘వెళొచు’ అని కనిపించింది. మా అమ్మ చూసి "ఎవర్రా రాసింది, రెండో తరగతి పిల్లాడా?" అంది. లైన్ ఎత్తు 1.6 చేసి, బటన్ లోపల కింద ఖాళీ పెంచితే సర్దుకుంది. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంటు తీసుకుని ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘గచ్చిబౌలి’ అని రాసి చూడండి. ఈ మూడూ తెగకుండా కనపడితే మిగతావి ఫరవాలేదు. తెలుగు మాటలు ఇంగ్లిష్ కంటే పొడుగు కాబట్టి బటన్ వెడల్పు బిగించి పెట్టొద్దు.

వెతికే పెట్టెలో మనవాళ్లు తెలుగు లిపిలో తక్కువే టైప్ చేస్తారు. గచ్చిబౌలినే ఇంగ్లిష్ అక్షరాల్లో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. ప్రతి చోటికీ ఐదారు స్పెల్లింగులు ముందే ఎక్కించి పెట్టండి, మైకు బటన్ కూడా ఇవ్వండి.

గార్డుకు చూపించే స్క్రీన్

ఇది ముందు అనుకున్నది కాదు, ఒక పార్కు గేటు దగ్గర తట్టింది. నేను గార్డుకు ఫోన్ చూపిస్తూ "ఇదిగో, ఇందులో ఉంది" అంటుంటే, ఆయన కళ్లు చిన్న అక్షరాల మీద పడి ఆగిపోయాయి. ఆయనది ఒడిశా. తెలుగు మాట్లాడతాడు, చదవడం రాదు. ఇంగ్లిష్ అంతంతమాత్రం.

అందుకని కార్డులో ఒక బటన్ ఉండాలి, ‘గేటు దగ్గర చూపించండి’ అని. నొక్కితే స్క్రీన్ నిండా పెద్ద అక్షరాల్లో తెలుగు, హిందీ రెండింట్లోనూ: ‘మేనేజర్ ఫలానా తేదీన ఒప్పుకున్నారు. బెల్టుతో ఉన్న కుక్క బయటి బల్లల దాకా రావచ్చు.’ కింద ఆ చోటి ఫోన్ నంబరు. గార్డుకు కావాల్సింది ధైర్యం. తర్వాత ఎవరైనా అడిగితే "మేనేజర్ ఒప్పుకున్నారంట" అని చెప్పుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. మేనేజర్ నిజంగా ఒప్పుకోనిచోట ఈ స్క్రీన్ రాకూడదు. ఒక్కసారి అబద్ధమైతే ఇక ఎవరూ దాన్ని లెక్కచేయరు.

ఇదే మాటను ఒక కాగితం మీద ప్రింటు తీసి కెఫేవాళ్లకు ఇవ్వండి, గేటు లోపలివైపు అంటించుకుంటారు. గార్డు మారినా కాగితం ఉంటుంది.

సమాచారం పాచిపోతుంది

జూన్‌లో రానిచ్చినవాళ్లు సెప్టెంబరులో రానివ్వకపోవచ్చు. ఓనరు మారొచ్చు, ఏదో కుక్క ఎవరి ప్యాంటో పట్టుకుని ఉండొచ్చు. అందుకే ప్రతి కార్డు మీద చివరిసారి ఎప్పుడు తెలిసిందో పెద్దగా ఉండాలి. నేను పెట్టుకున్న లెక్క: 30 రోజుల లోపైతే మామూలుగా, 90 దాటితే వెలిసిన రంగులో ‘పాత సమాచారం, ఫోన్ చేసి వెళ్లండి’ అని, పక్కనే కాల్ బటన్. ఒక్కరు ‘వెనక్కి పంపారు’ అన్నా ఆ మాట వెంటనే కార్డు మీద కనపడాలి. ఇద్దరు అంటే ‘నిర్ధారణ’ తీసేసి, మళ్లీ మీరే ఫోన్ చేయాలి.

తాజాగా ఉంచడానికి జనాన్ని రివ్యూలు రాయమంటే రాయరు. ఎవరైనా ‘దారి చూపించు’ నొక్కితే మర్నాడు పొద్దున ఒక్క నోటిఫికేషన్ పంపండి: ‘నిన్న లోపలికి రానిచ్చారా?’ మూడు బటన్లు: రానిచ్చారు, షరతులు పెట్టారు, వెనక్కి పంపారు. వెళ్లనివాళ్లు దాన్ని పక్కకు తోసేస్తారు. నోటిఫికేషన్ నుంచే జవాబివ్వగలగాలి, యాప్ తెరవాల్సిన పని పెట్టకండి. ‘షరతులు’ నొక్కినవాళ్లను మాత్రం ఒక్క వాక్యం అడగండి, లేదా మాట్లాడి పంపమనండి. తిట్లకైనా మెచ్చుకోలుకైనా మనవాళ్లు వాయిస్ మెసేజీలో ధారాళంగా మాట్లాడతారు.

ఇందుకోసం వాళ్లు ఎక్కడున్నారో రోజంతా కనిపెట్టాల్సిన పనిలేదు. లొకేషన్ అనుమతి ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అడగండి. వెనకనుంచి నిరంతరం లొకేషన్ తీసుకునే యాప్‌లకు ప్లే స్టోర్ విడిగా వివరణ అడుగుతుంది. ఆ తలనొప్పి ఒకటి. అంతకంటే పెద్దది, కుక్కను తిప్పేవాళ్లు రోజూ ఒకే టైముకు ఒకే ఇంటి నుంచి బయల్దేరతారు. ఖరీదైన జాతి కుక్క ఫొటో, అది తిరిగే దారి, టైము మూడూ ఒకచోట దొరికితే కుక్కల దొంగకు పని తేలికవుతుంది. జనం ఎక్కించే ఫొటోల్లో దాగి ఉండే లొకేషన్ వివరాలను సర్వర్‌లో పెట్టకముందే చెరిపేయండి. ‘ఇప్పుడు పార్కులో ఎవరున్నారు’ లాంటి ఫీచరు సరదాగా అనిపిస్తుంది, పెట్టకండి. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, ఏం తీసుకుంటున్నారో ఎందుకో ముందే సూటిగా చెప్పి ఒప్పించుకోవాలి. 18 ఏళ్ల లోపు పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. తక్కువ తీసుకుంటే తక్కువ చెప్పుకోవాల్సి వస్తుంది.

కుక్కంటే భయపడేవాళ్లు

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల పిల్లవాడు చనిపోయాడు. ఆ తర్వాత పార్కుల్లో బెల్టుతో ఉన్న కుక్కను చూసినా పిల్లల్ని చంకనేసుకుని పక్కకు జరిగే అమ్మల్ని చూశాను. వాళ్ల భయం న్యాయమైనదే. అదే పార్కు వాళ్లది కూడా. యాప్ వాడేవాళ్లకు ఒక చిన్న పేజీలో నియమాలు చెప్పండి: బెల్టు పొట్టిగా పట్టుకోవాలి, మలం తీసే కవరు వెంట ఉండాలి, రేబిస్ టీకా ఏటా వేయించాలి, పిల్లలు ఆడుకునేచోటికి తీసుకెళ్లకూడదు. నీతిపాఠంలా సాగదీయకండి. కెఫే ఓనర్లు కూడా ఫిర్యాదు చేసే బటన్ ఉండాలి. ఒకరి కుక్క ఇల్లు పీకి పందిరేస్తే తర్వాత వచ్చే అందరికీ గేటు మూసుకుపోతుంది.

ఎండ

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో 40 డిగ్రీలు దాటే రోజులు మామూలే. మనకు చెప్పులుంటాయి, దానికి ఉండవు. చేతి వెనకభాగం నేల మీద 7 సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్కను నడిపించకూడదు. గ్రానైటు, తారు, ప్లాస్టిక్ పచ్చిక మూడూ కాలతాయి. ఆ నెలల్లో పగలు పదకొండు నుంచి ఐదు దాకా నీడలేని చోట్లను జాబితాలో కిందికి నెట్టండి. నేల గురించి ముందే అడిగి పెట్టుకున్నది ఇక్కడే అక్కరకొస్తుంది.

దీంతోపాటు ఏ స్క్రీన్‌లో ఉన్నా ఒక మూల డాక్టర్ బటన్ ఉండాలి. వడదెబ్బ తగిలిన కుక్కను పట్టుకుని ఎవరూ మెనూలు వెతకరు. ‘24 గంటలు’ అని బోర్డు పెట్టినవాళ్లకు నిజంగా రాత్రి ఒంటిగంటకు ఫోన్ చేసి చూడండి. ఎత్తినవాళ్ల నంబర్లే పెట్టండి. నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల లాంటివాటి వేళలు కనుక్కుని పక్కన రాయండి.

కట్టడం, విడుదల చేయడం

మొదటి రెండు నెలలు యాప్ కట్టకండి. ఒక గూగుల్ షీటు, ఒక వాట్సాప్ గ్రూపు చాలు. "రేపు గచ్చిబౌలిలో ఎక్కడికి వెళ్లొచ్చు?" అని ఎవరైనా అడిగితే మీరే షీటు చూసి జవాబివ్వండి. ఏ ప్రశ్నలు ఎక్కువ వస్తున్నాయో, వాటి జవాబే మొదటి స్క్రీన్ మీద ఉండాలి. నాకు అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న "ఇంకో కుక్క ఉంటుందా?". నేను దాన్ని కార్డు అడుగున ఎక్కడో పెట్టాను, పైకి తేవాల్సి వచ్చింది.

తర్వాత ఫ్లట్టర్ అనే యాప్‌లు కట్టే టూల్‌లో కడితే ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ ఒకే కోడ్ సరిపోతుంది. నలభై చోట్లకు పెద్ద సర్వర్ అక్కర్లేదు, జాబితా మొత్తం ఫోన్‌లోకే దించేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ప్లే స్టోర్ ఖాతాకు ఒకసారి 25 డాలర్లు, ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు. ప్లే స్టోర్‌లో కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిస్తే, విడుదలకు ముందు కనీసం 12 మంది 14 రోజులపాటు వరుసగా పరీక్షించాలి. పార్కులో మీరు మాట్లాడిన ఆ పదిమంది ఉన్నారుగా, వాళ్ల ఇళ్లలోవాళ్లను ఇద్దర్ని కలిపితే సరిపోతుంది.

యాప్ బయటికి రాగానే "మా మగ ల్యాబ్‌కు జోడీ కావాలి", "పిల్లలు అమ్మకానికున్నాయి" అని మెసేజీలు మొదలవుతాయి. ఆ కాలమ్ తెరవకండి. కుక్కల పెంపకం, అమ్మకం మీద 2017 నుంచి కేంద్ర నియమాలున్నాయి. రిజిస్ట్రేషన్ లేకుండా పిల్లల్ని పుట్టించి అమ్మకూడదు, 8 వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదు. ఇవన్నీ మీరు సరిచూడలేరు. డబ్బుల కోసం కెఫేలను జాబితాలో పైకి ఎక్కించడం కూడా వద్దు. పెట్ షాపుల ప్రకటనలు వేసుకోండి, ప్రకటన అని రాసి.

డౌన్‌లోడ్‌లు ఎన్నో లెక్కపెట్టడం సరదాగానే ఉంటుంది. నేను మాత్రం ప్రతి సోమవారం ఒక్క అంకె చూస్తాను: మా జాబితా నమ్మి వెళ్లినవాళ్లలో కిందటి వారం ఎంతమందిని వెనక్కి పంపారు? వాళ్లందరికీ ఫోన్ చేసి ఏం జరిగిందో కనుక్కుంటాను, తర్వాత ఆ కెఫేకి చేస్తాను. ఆ అంకె వరుసగా నాలుగు వారాలు ఒకటో, సున్నానో ఉంటేనే కూకట్‌పల్లికి వెళ్లండి. విజయవాడ, విశాఖ కూడా అడుగుతారు. అక్కడ కుక్క ఉండి, ఫోన్లు చేసే ఓపిక ఉన్న మనిషి ఒకరు దొరికేదాకా ‘త్వరలో’ అని కూడా పెట్టకండి.